ఇరవై తెత్రీల లిఫ్టు

మా లిఫ్టు నోట్లో నాణెం పడితేగాని కదలదు.
ఎక్కినా ఇరవై తెత్రీలు, దిగినా ఇరవై.
ఎవరు పెట్టిన ఆచారమో,
వార్కెతిలిలో మా ఎనిమిదంతస్తులూ
ఏళ్ళ తరబడి దానికి కప్పం కడుతున్నాయి.
నేను మాత్రం మెట్లెక్కేవాణ్ణి.
త్సాబ్లా ముందు పరిగెత్తి
ప్రతి మలుపులోనూ ఆగి
"ఇంకా అక్కడేనా, జౌర్?" అన్నట్టు చూసేది.

ఇప్పుడు పచ్చడి సీసా నిండా చిల్లర.
రోజుకి మూడుసార్లు కిందికి, మూడుసార్లు పైకి.
పింఛను రోజుకి ఇంకా తొమ్మిది రోజులు.
లెక్క నువ్వే వేసుకో.

నవంబరులో మొదలైంది.
సోఫా ఎక్కడం మానేస్తే
అలిగిందనుకున్నాను.
గిన్నె ముందు పడుకుని తింటుంటే
వయసు తెచ్చిన దర్జా అనుకున్నాను.
ఒక రాత్రి వంటింటి గచ్చు మీద
వెనక కాళ్ళు రెండూ చెరో దిక్కుకీ జారిపోయాయి.
అరవలేదు.
నావైపు చూసింది, అంతే.

ముప్పై ఒక్క ఏళ్ళు మెట్రోలో
ఎస్కలేటర్లు బాగుచేసినవాణ్ణి.
ఎక్కడ బేరింగు ఎండిపోయినా
అంత జనం చప్పుడులోంచీ పట్టేసేవాణ్ణి.
నా ఇంట్లో, నా మంచం పక్కన ఎండిపోతున్నది
నా చెవిన పడలేదు.

డాక్టరు ఏతేరీ తుంటి మీద వేలు ఆనించగానే
చెరువులో రాయి పడ్డట్టు
చర్మమంతా అలలు అలలుగా వణికింది.
ఎక్స్‌రే తీయాలంటే మత్తివ్వాలి,
గుండె చప్పుడు సరిగా లేదు, వద్దు, అంది.
కాగితం మీద కీళ్ళవాతం అని రాసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.
నడుం వంచి నిలబడ్డ త్సాబ్లాలాగే ఉంది అది,
కింద చుక్కతో సహా.

"నా మోకాళ్ళ మాత్ర సగం విరిచి వెయ్యనా?"
"చంపాలనుంటే వెయ్యి," అంది
తలెత్తకుండానే.

ఆమె ఇచ్చిన మాత్ర
సులుగునీ చీజు ముక్కలో దాచి పెడతాను.
చీజు తినేసి
మాత్రని నా చెప్పు పక్కన శుభ్రంగా ఉంచుతుంది,
మిగతా చిల్లర తిరిగి ఇచ్చినట్టు.
మళ్ళీ దాస్తాను. మళ్ళీ ఇస్తుంది.
మూడోసారి జాలిపడి మింగుతుంది.

పాత డిపోకి పోయి
ఎస్కలేటరు చేతిపట్టీల రబ్బరు అడిగి తెచ్చాను.
లక్షల అరచేతులు అరగదీసిన రబ్బరు.
మంచం నుంచి తలుపు దాకా పరిచాను.
దాని మీద నడుస్తుంది ఇప్పుడు,
రైలు పట్టాలు దాటే ముసలమ్మలా
ఒక్కో అడుగూ అడిగి అడిగి.

జనవరిలో ఒక పొద్దున
పొట్ట కింద తువ్వాలు వేసి లేపబోతే
కరిచింది.
బొటనవేలి కింద నాలుగు ఎర్ర చుక్కలు.
మార్కెట్ వెనక వానలో దొరికిననాటి నుంచి
పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి.
నాకన్నా అదే ఎక్కువ బెదిరింది.
గోడకేసి మొహం తిప్పుకుంది,
చెవికున్న మున్సిపాలిటీ పసుపు బిళ్ళ
ఊగుతూనే ఉంది.
"నువ్వు కాదులేవే, అది," అన్నాను.
అది అంటే ఏదో ఇద్దరికీ తెలుసు.
అద్దె కట్టకుండా మాతో కాపురముంటోంది.

మూడో అంతస్తు సియూరీ
నన్ను చూస్తే మూతి విరుస్తుంది,
"కుక్కకి లిఫ్టు, మహారాణికి పల్లకీ!"
నేను లేనప్పుడు
నాణేల డబ్బా మీద ఎవరో
ఇరవైలు దొంతి పెట్టి పోతున్నారు.
వాటికి వెల్లుల్లి వాసన.
నేను అడగను.

నిన్న రాత్రి లిఫ్టు
ఐదుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది.
దీపం కూడా పోయింది.
మోటారు చప్పుడు విన్నాను,
ఏం పోయిందో తెలుసు,
చేతిలో పానా లేదు.
చీకట్లో త్సాబ్లా
నెలల తరబడి బిగబట్టుకున్న బరువంతా
నా మోకాలికి ఆనించింది.
తుంటి మీద చెయ్యి వేసి
నూనె లేని చేత్తోనే
రుద్దుతూ నిలబడ్డాను.
చాలాసేపు.

పైన ఎవరో మీట నొక్కినట్టున్నారు,
ఒక్క కుదుపుతో కదిలింది, పైకి.
మేం పోవాల్సింది కిందికి.
అది ఆపుకోలేకపోయింది.
నా బూటులోకి
వెచ్చగా.
దీపం వచ్చాక ఇద్దరం
తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం,
ఏమీ జరగనట్టు.